ఐదు రోజుల బాతుపిల్లలకు స్నానం చేయిస్తే ఒకటి చల్లబడి వాలిపోయింది: పొరపాటు ఎక్కడ జరిగింది?

వానచినుకు:
సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఇంక్యుబేటర్‌లో పొదిగిన నాలుగు పెకిన్ బాతుపిల్లలు ఉన్నాయి. నేటికి వాటి వయసు ఐదు రోజులు. దాణా, నీళ్ళు, రెట్ట కలిసి పొట్ట కింది నూగంతా అట్టకట్టి వాసన వస్తుంటే చూడలేక, నిన్న సాయంత్రం ఒక వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పసిపిల్లలకు వాడే సబ్బు ద్రవం ఒక్క చుక్క కలిపి, నాలుగింటినీ అందులో వదిలాను. వెంటనే ఆనందంగా మునకలు వేయడం మొదలుపెట్టాయి. పది నిమిషాలు గడిచేసరికి అన్నిటికంటే చిన్నదాని తోక నీటిలోకి దిగిపోయింది. నూగు తీగలు తీగలుగా విడిపోయి, మధ్యలోంచి గులాబీ రంగు చర్మం కనబడసాగింది. బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంటే మెడ నిలపలేకపోయింది, ముక్కు, కాళ్ళు చల్లగా తగిలాయి. తువ్వాలులో చుట్టి దీపం దగ్గర పెట్టాక గంటన్నరకు గానీ లేచి నిలబడలేదు. ఇప్పుడు తిరుగుతోంది, తింటోంది. కానీ నా చేతుల్లో అది తల వాల్చేసిన క్షణం మనసులోంచి పోవడం లేదు. నీటిలో బతికే పక్షికి నీళ్ళు ఎందుకు పడలేదు? ఇకముందు వీటికి స్నానం చేయించవచ్చా, కూడదా?

నూగుఈక:
చిన్నది కోలుకున్నందుకు సంతోషం. నా మాట సూటిగా చెబుతాను. నిజమైన ఈకలు వచ్చేవరకు స్నానం అవసరమే లేదు. ఒంటినిండా ఈకలు రావడానికి ఏడు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది, అప్పటిదాకా తాగే నీళ్ళు చాలు. తొలి విడతలో నేను పెంచిన ఆరు పిల్లల్లో రెండు ఇలాగే తడిసి, రాత్రికి చనిపోయాయి. ఆ తరువాత నేను ఏ పిల్లనూ నీటిలోకి దింపలేదు.

చెరువుగట్టు:
నూగుఈక గారి బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఆ నిర్ణయంతో పూర్తిగా ఏకీభవించలేను. తల్లి వెంట తిరిగే పిల్లలు సాధారణంగా పొదిగిన ఒక రోజులోపే గూడు వదిలి నీటిలోకి దిగుతాయి. కాబట్టి నీళ్ళు వాటి ఒంటికి శత్రువు కావు. మన దగ్గర లేనిది తల్లి. అది పిల్లల్ని నీటిలోకి తీసుకువెళ్ళి కాసేపటికి గట్టుకు తెస్తుంది, రెక్కలు కొద్దిగా ఎత్తి పొట్ట కిందికి చేర్చుకుంటుంది, అక్కడ అవి ఆరేవరకు, వేడెక్కేవరకు కదలదు. పిల్లలు మళ్ళీ బయటికి వచ్చేసరికి నూగు విప్పారి ఉంటుంది. వానచినుకు గారి తొట్టిలో ఈత ఉంది గానీ దాని వెనుక రావలసిన ఆ రెండో సగం లేదు.

ఇక నూగు సంగతి. పిల్ల ఒంటిమీది నూగు దట్టంగా ఉండి తన లోపల గాలి పొరను పట్టి ఉంచుతుంది. ఆ గాలి ఉన్నంతసేపు నీరు చర్మాన్ని తాకదు, పిల్ల తేలిగ్గా తేలుతుంది. తోక మొదట్లో ఉన్న నూనె గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఒంటికి రాసుకోవడం కూడా అవి మెల్లగా నేర్చుకుంటాయి, అయితే తొలి వారాల్లో ఆ గ్రంథి పూర్తి సామర్థ్యంతో పనిచేయదు. అట్టకట్టిన నూగులో గాలి నిలవదు. సబ్బు ఒక్క చుక్కయినా ఉన్న కాస్త నూనెను లాగేసి, నీరు లోపలికి దిగడానికి దారి చేస్తుంది. మురికి వల్ల సగం రక్షణ అప్పటికే పోయింది, మిగిలిన సగాన్ని సబ్బు తీసేసింది. మిమ్మల్ని నొప్పించడానికి ఇలా చెప్పడం లేదు. పసిపిల్లలకు పడేది వీటికీ పడుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా ఎంత సున్నితమైన సబ్బయినా బాతుపిల్ల ఒంటికి వద్దు.

తూనికరాయి:
చెరువుగట్టు గారు చెప్పినదానికి కొన్ని అంకెలు చేరుస్తాను. బాతు ఒంటి వేడి సుమారు 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మన ఒంటి వేడి 37. అంటే మన చేతికి హాయిగా తోచే 33 డిగ్రీల నీరు పిల్ల ఒంటికంటే ఎనిమిది తొమ్మిది డిగ్రీలు చల్లన. పైగా నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా బాగా వేడిని ప్రసరింపజేస్తుంది, కనుక నూగులోని గాలి స్థానంలో నీరు చేరిన క్షణం నుంచి వేడి కారిపోతూనే ఉంటుంది. పెకిన్ పిల్ల పొదిగిననాడు యాభై గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. అంత చిన్న ఒంట్లో నిల్వ ఉండే వేడి ఎంత? తొట్టిలో నీళ్ళు కూడా పది నిమిషాల్లో చల్లారుతాయి, మనం మాత్రం మొదట చెయ్యి పెట్టినప్పటి వెచ్చదనాన్నే గుర్తుపెట్టుకుంటాం.

నేను పాటించే పద్ధతి ఇది. తొలి వారంలో ఈత మూడు నాలుగు నిమిషాలకు మించదు. నీరు 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి, లోతు పిల్ల కాళ్ళు అడుగుకు ఆనేంత మాత్రమే ఉండాలి. ఒక పక్కన గరుకు రాయి ఏటవాలుగా పెడితే తనంతట తాను ఎక్కి రాగలదు. బయటికి ఎక్కాలని ప్రయత్నించే పిల్లను మళ్ళీ నీటిలోకి నెట్టకూడదు, అది చాలని చెబుతోంది.

తెల్లకోటు:
నేను పక్షుల వైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. చల్లబడిన పిల్ల చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలో ముందుగా చెబుతాను, ఎందుకంటే అప్పుడు వెతుక్కునే సమయం ఉండదు.

మొదట తడిని తువ్వాలుతో అద్ది తీయాలి, రుద్దకూడదు. రుద్దితే నూగు మరింత అంటుకుపోతుంది. తడిసిన తువ్వాలు తీసేసి పొడిది మార్చాలి. చాలామంది తడి తువ్వాలులోనే చుట్టి ఉంచుతారు, అది పిల్లను ఇంకా చల్లబరుస్తుంది. తరువాత 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనంలో నిటారుగా కూర్చోబెట్టాలి. జుట్టు ఆరబెట్టే యంత్రం వాడవలసి వస్తే అతి తక్కువ వేడిలో, దూరం నుంచి, పిల్ల పక్కనే మన చెయ్యి ఉంచి, ఆ వేడి చేతికి హాయిగా ఉందో లేదో చూసుకుంటూ వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒళ్ళు వేడెక్కి తల నిలబెట్టేవరకు నోట్లో నీళ్ళుగానీ మేతగానీ వేయకూడదు. చల్లబడిన పిల్ల సరిగా మింగలేదు, వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకున్నాక చిటికెడు చక్కెర కలిపిన గోరువెచ్చని నీటిని ముక్కు అంచుకు తాకిస్తే తానే తాగుతుంది. వానచినుకు గారు పొడిగా, వెచ్చగా ఉంచి ఓపిక పట్టారు, ఆ పిల్ల బతకడానికి అదే కారణం.

వెనుక భాగంలో రెట్ట ఎండి అతుక్కుపోతే దానికి పూర్తి స్నానం అక్కరలేదు. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదిని అక్కడ ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచితే గడ్డ మెత్తబడి దానంతట అదే జారుతుంది. గోటితో పీకితే పలుచని చర్మం చిరిగిపోతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. తొలి రెండు రోజుల్లో పొట్ట కింద బొడ్డు దగ్గర చిన్న ఎండిన పొక్కు ఉంటుంది. దాన్ని రెట్ట అనుకుని లాగిన కేసులు మా దగ్గరికి వచ్చాయి.

వానచినుకు:
అందరికీ కృతజ్ఞతలు. సబ్బు చేసిన పని తెలిశాక చాలా బాధగా ఉంది. ఒక సందేహం మిగిలింది. స్నానం లేకుండా ఈ మురికి సంగతి ఎలా? పొట్టు మార్చిన గంటలోనే మళ్ళీ చిత్తడి అవుతోంది. నీళ్ళ గిన్నెలో ఎక్కి కూర్చుంటున్నాయి, దాణా తెచ్చి నీటిలో కలుపుతున్నాయి.

చెరువుగట్టు:
అసలు ప్రశ్న ఇదే, ఇప్పుడు సరైన చోటికి వచ్చాం. బాతుపిల్ల దాణా నోట్లో పెట్టుకుని నీటి దగ్గరికి పరుగెత్తడం దాని తప్పు కాదు. పొడి మేత నీటితో కలిస్తేనే దాని గొంతు దిగుతుంది, నీళ్ళు అందుబాటులో లేనప్పుడు మేత పెడితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. అందువల్ల నీళ్ళను దూరం చేయలేం, ఒలికిన నీళ్ళు ఎక్కడికి పోవాలో మనం ఏర్పాటు చేయాలి.

నా దగ్గర ఉన్న ఏర్పాటు చాలా చిన్నది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా పక్క గోడకు పిల్ల తల పట్టేంత గుండ్రని రంధ్రం చేసి, అంచు చేతికి గీసుకోకుండా నునుపు చేశాను. నీటి మట్టం రంధ్రానికి కాస్త కిందే ఉంటుంది. పిల్ల తల లోపలికి పెట్టి ముక్కు రంధ్రాలు మునిగేలా తాగుతుంది, కడుక్కుంటుంది, కానీ ఒళ్ళు లోపలికి పోదు. ఆ డబ్బాను ఒక వెడల్పాటి పళ్ళెం మీద, పళ్ళేనికి సన్నని జాలీ బిగించి, దాని మీద పెడతాను. కారిన నీళ్ళన్నీ జాలీ కిందికి పోతాయి, పిల్ల కాళ్ళు పొడిగా ఉంటాయి. జాలీ కన్నాలు పాదం ఇరుక్కోనంత సన్నగా ఉండాలి, అది ముందే సరిచూసుకోండి.

ముక్కు మునగడం ఎందుకంత అవసరమో కూడా చెబుతాను. పలుచని పళ్ళెంలో తాగే పిల్లలకు ముక్కు రంధ్రాల్లో దాణా పిండి గట్టిపడుతుంది, కళ్ళ మూలల్లో పుసి కడుతుంది. తల ముంచి విదిలించుకోవడమే అవి కళ్ళు కడుక్కునే తీరు. తల మునిగే నీళ్ళు రోజంతా ఉంటే, ఒళ్ళు మునిగే స్నానం తొలి వారాల్లో వారానికి రెండు మూడు సార్లు, అది కూడా కొద్ది నిమిషాలు చాలు.

నూగుఈక:
డబ్బా ఏర్పాటు నాకు కొత్తది, చాలా నచ్చింది. నా ఆ రెండు పిల్లల సంగతి ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, వాటిని ఉంచిన పెట్టె అడుగున తడి పొట్టే ఉంది. స్నానం అయ్యాక మళ్ళీ అదే తడి పొట్టు మీదికి వదిలాను. తప్పంతా ఈతదే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

తెల్లకోటు:
తడి పొట్టు మరో విధంగానూ ప్రమాదం. అందులో బూజు పెరుగుతుంది, ఆ బూజు రేణువులు పీల్చిన పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. నోరు తెరిచి, మెడ సాచి ఊపిరి తీసే స్థితికి వచ్చాక నయం చేయడం చాలా కష్టం. అడుగున పరిచేది చెక్క తురుము అయితే మంచిది. దేవదారు జాతి వాసన గల చెక్క తురుము మాత్రం వద్దు, దాని ఘాటు ఊపిరికి పడదు. వార్తాపత్రిక కాగితం మీద కాళ్ళు జారుతాయి. తొలి రోజుల్లో జారే నేల మీద నడిచిన పిల్లలకు కాళ్ళు పక్కలకు విడిపోయి అలాగే నిలిచిపోతాయి.

ఇంట్లోవారి గురించి కూడా ఒక మాట. ఆరోగ్యంగా కనిపించే పిల్లల రెట్టలో కూడా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. వంటగది తొట్టిలో వీటికి స్నానం చేయించకండి, ముద్దు పెట్టుకోకండి, పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఐదేళ్ళ లోపు పిల్లలు వీటిని ముట్టుకోకుండా దూరం నుంచి చూడటమే మేలు.

కొత్తగూడు:
ఇదే చర్చలో నా ప్రశ్న కూడా అడగవచ్చా? నాకు ఒకే ఒక పిల్ల ఉంది, వయసు మూడు రోజులు. దీపం కింద వెచ్చగానే ఉంది, కానీ నేను గదిలోంచి కదిలితే చాలు ఆపకుండా అరుస్తుంది. వెచ్చదనం చాలడం లేదేమో అని దీపం ఇంకా కిందికి దించాను.

తూనికరాయి:
దీపాన్ని దయచేసి వెంటనే పైకి జరపండి. వెచ్చదనం చాలిందో లేదో ముందు పిల్లను చూసి తెలుసుకోవాలి, తరువాత ఉష్ణమాపకాన్ని చూడాలి. చలివేస్తే దీపం కిందే ముడుచుకుని సన్నగా, ఎడతెగక అరుస్తుంది. వేడెక్కితే దీపానికి దూరంగా, పెట్టె మూలకు చేరి నోరు తెరుచుకుని రొప్పుతుంది. సరిపోతే కాళ్ళు చాపుకుని ఎక్కడ పడితే అక్కడ పడుకుంటుంది. తొలి వారం పిల్ల వీపు ఎత్తులో సుమారు 32 డిగ్రీలు ఉంచి, ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పెట్టెలో ఒక మూల తప్పకుండా చల్లగా ఉండాలి. దీపాన్ని దాని తీగతో కాక గొలుసుతో, రెండు చోట్ల కట్టండి. పొడి పొట్టులో పడిన దీపం ఇల్లు కాలడానికి చాలు.

చెరువుగట్టు:
కొత్తగూడు గారూ, మీ పిల్ల వెచ్చదనం కోసం కాదు, తోడు కోసం అరుస్తోంది. పొదిగాక తొలి గంటల్లో కళ్ళ ముందు కదిలినదాన్ని తల్లిగా ముద్రించుకోవడం బాతులకూ, బాతు జాతి పక్షులకూ సహజం. ఈ సంగతిని గూస్ అనే పెద్ద జాతి బాతుల్లో లోతుగా పరిశీలించిన కోన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మీ పిల్లకు ఇప్పుడు మీరే తల్లి, మీరు గదిలోంచి వెళ్ళడమంటే తల్లి వెళ్ళిపోవడమే. ఇంచుమించు అదే వయసు పిల్లను ఇంకొకదాన్ని తెచ్చి కలపండి. అది వచ్చేదాకా పెట్టెలో చిన్న అద్దం, మెత్తని బొమ్మ పెడితే కొంత ఊరట దొరుకుతుంది. అంతకుమించి వాటితో ఏమీ ఆశించవద్దు, ఒంటరి పిల్లకు అద్దంలోని బొమ్మ తోడు కాలేదు.

వానచినుకు:
పన్నెండు రోజుల తరువాత మళ్ళీ రాస్తున్నాను. డబ్బా, జాలీ పెట్టాక పొట్టు పూర్తిగా పొడిగా ఉంటోంది, ఎవరి పొట్టకూ అట్ట కట్టడం లేదు. అయితే వేరే సమస్య వచ్చింది. రెండు రోజులుగా చిన్నది నాలుగడుగులు నడిచి మడమల మీద కూర్చుండిపోతోంది. కాళ్ళు లోపలికి వంగినట్టు కనిపిస్తున్నాయి. మిగతావి దాణా దగ్గరికి పరుగెడితే ఇది రెక్కలు ఊపుతూ పాకుతుంది. ఆ రోజు చల్లబడటం వల్లనే ఇలా అయిందా? దాణా మాత్రం కోడిపిల్లలకు పెట్టేదే పెడుతున్నాను.

తెల్లకోటు:
మీ చివరి వాక్యంలోనే సమాధానం ఉంది. చల్లబడటానికీ దీనికీ సంబంధం ఉండే అవకాశం తక్కువ. ఇది చాలావరకు నయాసిన్ లోపం, అంటే బి3 విటమిన్ లోపం. బాతుపిల్లకు కిలో దాణాలో సుమారు 55 మిల్లీగ్రాముల నయాసిన్ కావాలి. కోడిపిల్లల అవసరం అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే, వాటి దాణా ఆ లెక్క ప్రకారమే తయారవుతుంది. కోడిపిల్ల ఒంట్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొంత నయాసిన్ తయారవుతుంది, బాతుకు ఆ సామర్థ్యం చాలా తక్కువ. పెకిన్ పిల్ల ఏడు వారాల్లో యాభై గ్రాముల నుంచి మూడు కిలోల దాకా పెరుగుతుంది. ఆ బరువును మోయవలసిన కాళ్ళు అందుకు తగ్గట్టు గట్టిపడకపోతే ముందుగా వంగేది అవే.

ఒక కప్పు దాణాకు ఒక టేబుల్ స్పూన్ చొప్పున బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి) కలపండి. రొట్టెల పిండి పులియబెట్టే ఈస్ట్ వేరు, అది వాడకూడదు. కొద్దిగా నీళ్ళు చిలకరించి కలిపితే ఈస్ట్ పొడి దాణా అడుగుకు పోకుండా దానికి అంటుకుంటుంది. నాలుగింటికీ పెట్టండి, మిగతా మూడూ అదే దాణా తింటున్నాయి. చిన్నదానికి ఈ దశలో ఒక్క ఈస్ట్ చాలకపోవచ్చు, కనుక పక్షుల వైద్యునికి చూపించి విటమిన్ మోతాదు అడిగి తీసుకోండి. కాలు బెణికినా, కీలు జారినా ఇలాగే కనిపిస్తుంది, అది చేత్తో తాకి చూసేవారే చెప్పగలరు. వీలైతే మందులు కలపని దాణా ఎంచుకోండి. బాతులు కోళ్ళకంటే ఎక్కువ తింటాయి, దాంతో మందు కూడా లెక్కకు మించి ఒంట్లోకి పోతుంది.

తూనికరాయి:
మాంసకృత్తులు కూడా గమనించండి. తొలి రెండు వారాలకు 20 నుంచి 22 శాతం సరిపోతుంది, తరువాత 16 నుంచి 18 శాతానికి తగ్గించాలి. మరీ బలమైన మేత వల్ల రెక్క చివర బరువెక్కి బయటికి తిరిగిపోతుంది. మొదట్లోనే గుర్తిస్తే కొన్నాళ్ళు మెత్తని కట్టు కట్టి సరిచేయవచ్చు, ఎముక గట్టిపడ్డాక ఆ వంపు పోదు. రొట్టె ముక్కలు అసలే వద్దు, కడుపు నింపుతాయి గానీ ఒంటికి ఏమీ ఇవ్వవు.

చెరువుగట్టు:
ఒక సలహా. కాళ్ళు బలహీనపడిన ఈ పిల్లకు నీళ్ళే ఇప్పుడు మేలు చేస్తాయి. తేలుతున్నప్పుడు బరువు కాళ్ళ మీద పడదు, అయినా కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, వెచ్చని నీటిలో, మీ అరచేయి పొట్ట కింద ఉంచి ఈదించండి. ఈసారి పొడి తువ్వాళ్ళు రెండు, వేడెక్కి ఉన్న పెట్టె ముందే సిద్ధం చేసుకున్నాకే నీటిలోకి దింపండి.

నూగుఈక:
ఈతకు దింపే ముందు నూగు ఒకసారి వేళ్ళతో విప్పి చూడండి. పొడిగా, విప్పారి ఉంటేనే దింపండి. అంటుకుని ఉంటే ఆ పూట మానేయండి. ఆరిందో లేదో చూసేటప్పుడు వీపు చూస్తే చాలదు, అన్నిటికంటే ఆలస్యంగా ఆరేవి పొట్ట, రెక్కల కింది భాగాలు. నా దగ్గర ఇప్పుడు తొమ్మిది రోజుల పిల్లలు మూడు ఉన్నాయి. నిన్న మొదటిసారి మూడు నిమిషాలు దింపాను.

వానచినుకు:
వైద్యునికి చూపించాను. కీలులో దెబ్బ లేదని, నయాసిన్ లోపమేనని చెప్పి విటమిన్ చుక్కలు ఇచ్చారు. ఈస్ట్ కలపడం మొదలుపెట్టి ఈరోజుకు ఎనిమిది రోజులు. నాలుగో రోజున చిన్నది దాణా దాకా నడిచి వెళ్ళింది, మధ్యలో ఒకసారే కూర్చుంది. ఈ ఉదయం కూర్చోలేదు. ఎడమ కాలు ఇంకా కొద్దిగా లోపలికే పడుతోంది, చుక్కలు మరో వారం వేయమన్నారు.

సాయంత్రం ఈత అయ్యాక తువ్వాలు మీద పెడితే ముందు ఒళ్ళంతా ఒక్కసారి విదిలించింది. తరువాత మెడ వెనక్కి తిప్పి తోక మొదట్లో ముక్కు రుద్దుకుని, ఆ ముక్కును రొమ్ము మీదికి తెచ్చి అటూ ఇటూ రాసుకుంది. రెండోసారి మెడ తిప్పబోయి పక్కకు పడి, లేచి మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలకు పొట్ట కింద వేలు పెట్టి చూస్తే ఎక్కడా తడి తగల్లేదు.